తొంభై ఎనిమిది మార్కుల ఊరు

ఫోన్ టింగుమన్నప్పుడు పొయ్యి దగ్గర శివ ఉన్నాడు. ఉప్మా తానే చేస్తానని పట్టుబట్టి, రెండుసార్లు ఉప్పు వేసి, మూడోసారి వేయబోతుంటే యశోద చెయ్యి పట్టుకుని ఆపి, నవ్వలేక చస్తోంది. పెళ్లయి పద్నాలుగు రోజులు. సారపాకలో తీసుకున్న కిరాయి ఇంట్లో ఇంకా సామాను సర్దనే లేదు గానీ, కిటికీకి పసుపుపచ్చ పరదా మాత్రం కట్టుకున్నారు. పొద్దుటెండ దానిలోంచి పడితే ఉత్త గోడ కూడా ముచ్చటగా ఉంది.

మెసేజ్ మండల పంచాయతీ కార్యదర్శుల గ్రూపులోంచి. "ఈ నెల పనితీరు ర్యాంకులు. మొదటి స్థానం: వెదుళ్లగుంపు. తొంభై ఎనిమిది మార్కులు."

వెదుళ్లగుంపు అడవి అంచున అరవై ఇళ్ల ఊరు. దానికి కార్యదర్శి యశోద.

"బావా, మా ఊరు ఫస్టు!"

"లీవు పెట్టి ఇంట్ల కూసుంటేనే ఫస్టొచ్చింది. ఇగ నువ్వు డ్యూటీకి పోవుడెందుకే?" అంటూ శివ చెంచాడు చక్కెర ఆమె నోట్లో పోశాడు.

మిల్లులో షిఫ్టుకు పోయే ముందు బండి మీద ఆమెను వెదుళ్లగుంపులో తనే దించి వచ్చాడు. దారిపొడుగునా యశోద అతని వీపుకు ఆనుకుని, రోడ్డు గుంతల్లో పడ్డప్పుడల్లా లోలోపల సంబరపడింది. కొత్త మట్టెలు, కొత్త మొగుడు, మొదటి ర్యాంకు. ఒక్క పొద్దుటికి అంతకన్నా ఏం కావాలి?

ఊళ్లో నీళ్ల ట్యాంకు కింద ముప్పై బిందెలు వరుసగా ఉన్నాయి. అన్నీ ఖాళీవే. పక్కన గద్దె మీద జంపక్క కూర్చుని ఉంది. ఊరి వీధులు ఊడ్చేదీ, మొక్కలకు నీళ్లు పోసేదీ ఆమే. యశోదను చూడగానే లేచి, మొదట ఆమె కాళ్ల వైపు చూసింది.

"మట్టెలు మంచిగున్నయ్ బిడ్డా. మొగడు మంచిగ చూసుకుంటుండా?"

"చూసుకుంటుండు గానీ, ఈ బిందెలేంది జంపక్కా?"

జంపక్క మొహం తిప్పుకుంది. "బోరు మోటరు కాలి పదకొండు దినాలాయె. వాగుల చెలమ తవ్వుకొని తాగుతున్నం. మా కోడలికి వాంతులు, విరేచనాలు. ఆరో నెల దానికి. మొన్న భద్రాచలం దవాఖానల ఏసినం."

యశోద సంచి గద్దె మీద పెట్టేసింది.

"పదకొండు దినాలా? నాకు ఒక్క ఫోన్ చెయ్యరాదా?"

"ఎట్ల చేస్తం? పెండ్లయి పదారు రోజుల పండుగ కాలె. కొత్త పెండ్లిపిల్ల చెవుల చెడ్డమాట ఎయ్యొద్దు గదా. నీకు చెప్పొద్దని ఊరంత కూసొని అనుకున్నం."

యశోదకు ఏడుపొచ్చింది. అంతలోనే పొద్దుటి మొదటి ర్యాంకు గుర్తొచ్చి, దాన్ని మించిన కోపం వచ్చింది.

"మరి మండలాఫీసుకు?"

"నేనే నడిచిపోయిన. కంప్యూటర్ల చూసిండ్రు. మీ ఊరికి నీళ్లు మంచిగ వస్తున్నయ్, ట్యాంకు గుడ కడిగిండ్రు, ఫొటో ఉంది అన్నరు. మరి మేం తాగుతున్నదేంది సారూ అంటే నవ్విండ్రు."

ఊళ్లో సిగ్నల్ దొరికేది బడి వెనక బండ మీద ఒక్కచోటే. యశోద చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఎక్కింది. వెనకాలే జంపక్క. రోజూ పనుల ఫొటోలు ఎక్కించే యాప్ తెరిస్తే పద్నాలుగు రోజులూ ఆకుపచ్చ టిక్కులే. వీధులు ఊడ్చారు, అవును. నీళ్లు వదిలారు, అవును. పదకొండో తారీఖున ట్యాంకు కడిగారు, అవును. కింద ఫొటోలో ట్యాంకు పక్కన మోదుగు చెట్టు ఎర్రగా విరగబూసి ఉంది. ఆ ఫొటో ఫాల్గుణంలో తనే తీసింది. ఇప్పుడు ఎండలు మండే వైశాఖం. బండ మీంచి చూస్తే ఆ చెట్టుకు పువ్వన్నది లేదు.

పాస్‌వర్డ్ ఇచ్చింది కూడా తనే. లీవుకు పోయే రోజు మండల పంచాయతీ అధికారి వెంకటరామారావు, "ఒక్కరోజు రిపోర్టు ఆగినా మార్కులు పోతయమ్మా, ఆఫీసు నుంచి మేం చూసుకుంటం" అంటే, మురిసిపోతూ పెళ్లిపత్రిక వెనకాల రాసిచ్చింది. ఆ తెలివితక్కువతనానికి తనను తాను కొట్టుకోవాలనిపించింది. ఫోన్ కలిపింది.

"ఆఁ, కొత్త పెండ్లికూతురా! కంగ్రాచ్యులేషన్స్!" అన్నాడు వెంకటరామారావు. "రేపు కొత్తగూడెంల జిల్లా రివ్యూ. నీకు సర్టిఫికెట్ ఇస్తరు. మంచి చీర కట్టుకొని రా."

"సార్, మోటరు కాలి పదకొండు రోజులైంది."

"తెలుసమ్మా. వచ్చే నెల చూద్దాం."

"తెలుసా? తెలిసే నీళ్లొస్తున్నయని టిక్కు పెట్టిండ్రా?"

"గట్ల అరుస్తవేంది? లేదని పెడితే ఊరు రెడ్ లిస్టుల పడ్తది. ఒక్క ఊరు పడితే మండలం ర్యాంకు పోతది. నిన్ను ఫస్టు చేసింది నేను!"

"కొత్త మోటర్లు ఎవరికిస్తరు సార్?"

"రెడ్ లిస్టుల ఉన్న ఊర్లకు. రేపు రివ్యూల లిస్టు ఖాయం చేస్తరు."

"అంటే మాకు నీళ్లు రావాలంటే నిజం చెప్పాలె. నిజం చెప్తే మీకు ర్యాంకు రాదు. అంతేనా?"

"చూడు యశోదా, నీ ఉద్యోగం రెగ్యులర్ చేసే ఫైలు నా టేబుల్ మీదనే ఉంది. కొత్తగా కాపురం పెట్టినవ్. నెమ్మదిగుండు."

"ఆరో నెల పిల్ల దవాఖానల సెలైన్ మీద ఉంది సార్. ఆ పిల్లకు గుడ నెమ్మదిగుండుమని చెప్పాల్నా? నా ఫైలు మీ దగ్గరనే పెట్టుకోండ్రి. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి!"

ఫోన్ పెట్టేసి, పాస్‌వర్డ్ మార్చేసింది. ఈ రోజు రిపోర్టు అప్పటికే ఆఫీసు నుంచి వెళ్లిపోయింది. దిద్దడానికి వీల్లేదు. ఎప్పటిలాగే రేపు పొద్దున ఆరింటికి కొత్తది తెరుచుకుంటుంది. రివ్యూ పదిన్నరకు.

"ఏమన్నడు బిడ్డా?"

"మంచి చీర కట్టుకొని రమ్మన్నడు."

జంపక్క కిందికి ఉమ్మింది.

యశోద మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "జంపక్కా, ఊళ్లె అందరికి చెప్పు. రేపు పొద్దున ఆరింటికల్ల ట్యాంకు కాడికి రావాలె. ఖాళీ బిందెలతోటే ఫొటో దిగుతం. ఈ బండ మీదికొచ్చి యాప్‌ల నీళ్లు లేవని నేనే పెడత. తర్వాత ఏడింటి బస్సుకు నువ్వు నాతోటి కొత్తగూడెం వస్తున్నవ్."

"నేనెందుకే? నాకు గక్కడ మాట్లాడ వస్తదా?"

"మండలాఫీసుల అడిగినవ్ గదా, మేం తాగుతున్నదేంది సారూ అని. సర్టిఫికెట్‌కు నా పేరు పిలిచినప్పుడు ఇద్దరం స్టేజీ ఎక్కుదాం. మైకు నీకిస్త. గదే మాట, గట్లనే అడుగు."