బావగారి ఉపాయం

మా బావగారికి చదవడమంటే ఒళ్ళు బరువు. నొక్కడమంటే మాత్రం ప్రాణం. అలాంటి మనిషికి ‘ఉపాయం’ అనే సరుకు ఒకటి దొరికింది, ఇక ఆయన్ని పట్టేవాళ్ళు లేరు.

మాది ఇంటివాళ్ళం ముగ్గురమే నడుపుకునే స్టూడియో. అక్క కార్టూన్ సినిమాలు గీస్తుంది, నేను కంప్యూటర్లు చూసుకుంటాను, అక్క మొగుడు పెత్తనం చూసుకుంటారు. బొమ్మలన్నీ దాచే సర్వర్‌కి ముగ్గురికీ ఒకటే లాగిన్. వేర్వేరుగా పెట్టుకుందామని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంట్లోవాళ్ళ మధ్య దాపరికాలేమిటని కొట్టిపారేశారు.

ఈ ఉపాయం అనే ప్రోగ్రాం చేసేదల్లా ఒకటే. సర్వర్‌లో కమాండ్ టైపు చేయబోతే, అంతకుముందు కొట్టిన కమాండ్లలోంచి ఒకటి తీసి బూడిదరంగులో చూపిస్తుంది. ఒక్క అక్షరం కొడితే చాలు, మిగతాదంతా అదే పూర్తిచేస్తుంది. బాణం మీట నొక్కి ఎంటర్ కొట్టడమే. అది మనసులో మాట కనిపెట్టేస్తుందని బావగారు వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయారు. కనిపెట్టడమా, నా మొహం! నిన్నటి ఎంగిలి పళ్ళెంలో పెట్టి మళ్ళీ ఇస్తుంది, అంతే. ఒకటే లాగిన్ కాబట్టి ఎవరి ఎంగిలి ఎవరికొస్తుందో దానికీ తెలీదు. ఆ మాటే అంటే, నాకు కొత్తదంటే గిట్టదన్నారు.

నేను రోజూ పొద్దున్నే ట్రయల్ బొమ్మల ఫోల్డర్‌లోకి వెళ్ళి, ‘ఇక్కడున్నదంతా చెరిపెయ్, నన్నేమీ అడక్కు’ అనే కమాండ్ కొడతాను. చెత్త కదా, అడిగేదేముంది. మా సర్వర్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు కొట్టింది అదే. ఉపాయంగారికి అదంటే మహా మక్కువ.

ఒకరోజు అక్క సినిమా సాయంత్రం లోపల ఒక టీవీ ఛానెల్‌కి చేరాలి. నచ్చితే సొంతంగా సిరీస్ ఇస్తామన్నారు. ఇన్నేళ్ళూ సబ్బుల ప్రకటనలకి నురగలు గీసిన మనిషి మా అక్క. ఈ సినిమాలో తల్లి కూతురి జడ విప్పి దువ్వే సీన్ ఒకటుంది, అందులో వెంట్రుక వెంట్రుకా చేత్తో గీసింది. మెడ పట్టేసినా వదల్లేదు.

నేను పంపిస్తానంటే బావగారు ఒప్పుకోలేదు, యజమాని చేత్తో వెళ్ళాలట. సినిమా ఫోల్డర్‌లోకి వెళ్ళి, పంపే కమాండ్‌కి మొదటి అక్షరం కొట్టారు. చెరిపే కమాండ్‌కీ మొదటి అక్షరం అదే. ఉపాయం నా కమాండ్ చూపించింది. ఆయన కళ్ళు ఫోన్‌లో ఉన్నాయి. బాణం, ఎంటర్.

ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తోంది, కాస్త వచ్చి చూడమ్మాయ్ అని పిలిచారు. ఖాళీగా కనిపించడమేమిటి, ఖాళీయే. నకలు ఉంచే డిస్కు సంగతి అడిగాను. ఊరికే పడుందని పోయినవారమే దాన్ని తుడిచి, తన ల్యాప్‌టాప్‌కి తగిలించుకున్నారట. పైగా, “అది నువ్వు రాసిన కమాండే కదా” అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. రాసింది నేనే, చదవకుండా నొక్కింది ఎవరని అడిగాను. అంతలో అక్క గుమ్మంలోకి వచ్చింది. ఖాళీ తెర చూసింది, మా మొహాలు చూసింది. ఇంకెక్కడైనా ఉందా అని నన్నడిగింది. లేదన్నాను. ఆ మాట చెప్పాల్సొచ్చినందుకు ఏడుపొచ్చింది.

బావగారు గొంతు సవరించుకున్నారు. “చూడు, ఏదో పొరపాటున...”

అక్క ఆయనవైపు చూడకుండానే అందుకుంది. “...జరిగిపోయింది. కావాలని చేశానా? ఇంకెప్పుడూ ఇలా జరగదు. నువ్వు కాస్త స్థిమితపడు, నేను చూసుకుంటాను. ఇంతేనా, ఇంకేమైనా ఉందా?”

ఇంకేమీ లేదు. ఆయన చెప్పబోయిందంతా అదే. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ వింటున్నదీ అదే.

అక్క టేబుల్ మీది ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఛానెల్‌వాళ్ళకి మీరే చెప్పండి. ఏం జరిగిందో, ఎవరు చేశారో, ఉన్నదున్నట్టు చెప్పండి” అని, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

బావగారు నంబర్ నొక్కారు. అవతల ఫోన్ మోగుతుంటే, చేయి అడ్డం పెట్టి, మొదట ఏమనాలని నన్నడిగారు.

నేను చెప్పలేదు.