మూడొందల వాషర్లు

నీళ్ళ పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో స్టోరు తాళాలు ఆమె చేతికొచ్చి ఏడాదయింది. ఏ సరుకు ఎంత మిగిలిందో చూసుకుని, నిండుకోక ముందే తెప్పించడం ఆమె పని. పంపుకు రెండు రబ్బరు వాషర్లు పడతాయి. నెలకు నాలుగొందల పంపులు బయటికి వెళ్తే ఎనిమిది వందల వాషర్లు ఖర్చవాలి. మూడు నెలలుగా పదకొండు వందలు ఖర్చవుతున్నాయి. ఆమె ఆర్డరు పెంచుకుంటూ పోతోంది. "వాషర్లు తింటున్నారేంటండీ మీరు?" అని రబ్బరు కంపెనీవాడు ఫోన్లో నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

స్టోరు నుంచి వాషర్లు తీసుకెళ్ళేది ఒక్క ఫోర్‌మనే. ఆయన ఆమెకు సొంత మేనమామ, ఈ ఉద్యోగం ఇప్పించినవాడూ ఆయనే. అందుకే అనుమానం ఆయన మీదికి పోయిన ప్రతిసారీ తనను తానే తిట్టుకునేది. తిట్టుకుంటూనే చూసేది. చొక్కా జేబులు ఎత్తుగా ఉన్నాయా? టిఫిన్ డబ్బా వచ్చేటప్పటికంటే వెళ్ళేటప్పుడు బరువుగా ఊగుతోందా? ఒకరోజు మాటల్లో మాటగా, ఈమధ్య వాషర్లు బాగా పాడైపోతున్నాయా అని అడిగింది.

"నేనేమీ ఇంటికి పట్టుకెళ్ళట్లేదమ్మాయ్" అన్నాడాయన.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందది. ఆ ఆదివారం అత్త భోజనానికి పిలిస్తే తలనొప్పని ఎగ్గొట్టింది.

మర్నాడు అన్నాల వేళ, ఆయన డబ్బా విప్పకుండా పెయింటు గది వెనక్కి నడవడం చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెంట వెళ్ళింది. ఆయన విరిగిన అచ్చుల చాటు నుంచి ఒక రేకుపెట్టె లాగి, మూత ఎత్తి, జేబులోంచి గుప్పెడు వాషర్లు తీసి అందులో పోశాడు. పెట్టె నిండా వాషర్లే.

"ఎవరికి అమ్ముతున్నావు మావయ్యా?"

ఆయన వెనక్కి తిరిగాడు. భయపడలేదు గానీ ముఖం చిన్నబోయింది. నువ్వు రాకముందు సంగతి అంటూ చెప్పుకొచ్చాడు. అప్పుడు రబ్బరు కంపెనీలో మిషను చెడిపోయి, ఇక్కడ వాషర్లు లేక పందొమ్మిది రోజులు పని ఆగిపోయిందట. తన కింద పనిచేసే ఆరుగురిని ఇంటికి పొమ్మని ఆయన నోటితోనే చెప్పించారట. వాళ్ళలో ముగ్గురు మళ్ళీ రాలేదు.

"నన్నడగొచ్చుగా? ఎక్కువ ఉంచేదాన్ని."

"అప్పటి స్టోరువాడూ ఉన్నాయనే చెప్పాడు, చివరి రోజు దాకా."

అంటే ఆయనా ఇన్నాళ్ళూ తనను నమ్మలేదన్నమాట. ఆమెకు అది ఎక్కువగా గుచ్చుకుంది. ఏం చెయ్యాలో తోచక పెట్టె అడుగు నుంచి ఒక వాషరు తీసి వంచింది. పెయింటు గది వేడికి ఎండి ఉందేమో, పుటుక్కున విరిగింది. ఇంకోటీ అంతే. మావయ్య ఒక్కొక్కటే వంచి చూస్తూ నేల మీద కూలబడ్డాడు.

ఆమె మేనేజరుకు జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను మావయ్యను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు గానీ, అందరి ముందూ మందలించాడు. నెలరోజులు మావయ్య ఆమెతో మాట్లాడలేదు. ఈలోగా ఆమె రెండు వారాలకు సరిపడా వాషర్లు ఎప్పుడూ విడిగా ఒక అరలో ఉండేలా చూసింది. ఒకరి మిషను ఆగినా ఇంకొకరుంటారని మరో కంపెనీకీ కొంత ఆర్డరు ఇచ్చింది. ఆ అర చూపించడానికి మావయ్యను స్టోరులోకి పిలిచింది. ఆయన వచ్చి, పొట్లాలన్నీ విప్పి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి, తలూపి వెళ్ళాడు.

ఇప్పటికీ ప్రతి సోమవారం అలాగే వస్తాడు. ఆయన వెళ్ళాక తలుపు మూసి, ఆమె మళ్ళీ లెక్కపెట్టుకుంటుంది.