ఉప్పునీళ్ళ నేరం

పెళ్ళయి ఇరవై ఆరు రోజులైంది. ఆ ఇరవై ఆరు రోజుల్లో రోజారమణి పుట్టింటికి ఒక్కసారి వెళ్ళింది, నెల్లూరు బైపాసు పక్కనున్న జీపుల సర్వీసు సెంటరుకి మూడుసార్లు.

నిజం చెప్పాలంటే మొదటిసారి ఆమెకి ఆ చోటు తెగ నచ్చింది. అద్దాల మేడ. లోపల కార్తీకమాసం తెల్లవారుజామంత చలి. మీట నొక్కితే నురగతో సహా దిగే కాఫీ. ఆ కాఫీ ఆమె రెండుసార్లు తాగింది, రెండోసారి కేవలం నురగ కోసం. భర్త గణేష్ పక్కన మెత్తటి సోఫాలో కూర్చుని, అద్దానికి అవతల తమ జీపుని గాల్లోకి ఎత్తుతుంటే చూడడం ఆమెకి ఉయ్యాల సేవ చూసినట్టుంది. కాళ్ళ పారాణి ఇంకా పోలేదు. పెళ్ళయిన కొత్తలో మనిషికి బస్టాండు కూడా అందంగానే కనబడుతుంది. ఇది అంతకంటే మంచి చోటే కదా.

రెండోసారి వచ్చినప్పుడు కాఫీ అలాగే ఉంది, మేడే కాస్త తగ్గింది. మూడోసారికి, అంటే ఇవాళ్టికి, అది ఆమె కళ్ళకి చేపల్లేని చేపల మార్కెట్టులా కనబడుతోంది.

గణేష్‌ది వాకాడు అవతల సముద్రం ఒడ్డున ఉన్న పాళెం. తారు రోడ్డు ఆగిపోయిన చోటినుంచి ఒడ్డుకి రెండు కిలోమీటర్లు ఒట్టి ఇసుక. ఆటో దిగితే దిగబడిపోవడమే. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా పట్టుకుని లాగే జీపు ఒకటుంటే, పడవ ఒడ్డుకి తగిలిన గంటలో చేపల పెట్టెలు ఐసు కరగకుండా రోడ్డెక్కుతాయి. అందుకే కొన్నాడు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలల వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేనో తేదీ నుంచి పదకొండు పడవల సరుకు తానే మోస్తానని మాటిచ్చాడు. వాళ్ళ పెళ్ళి కూడా ఆ నిషేధంలోనే జరిగింది. వలలు ఒడ్డున ఆరే ఆ రెండు నెలల్లోనే పాళేనికి పెళ్ళిళ్ళు చేసే తీరిక. ఇవాళ తేదీ పది.

జీపు జబ్బు ఒక్కటే. గేరు పక్కనున్న చిన్న లివరు వెనక్కి లాగితే నాలుగు చక్రాలూ పని చేయాలి. ఇసుకలో నాలుగు బారలు పోగానే కిందినుంచి రోట్లో గులకరాళ్ళు వేసి రుబ్బినట్టు చప్పుడవుతుంది. లివరు దానంతటదే ఎగిరి ముందుకొచ్చేస్తుంది. వెనక చక్రాలు రెండూ అక్కడికక్కడే గుంట తవ్వుకుని కూర్చుంటాయి. ప్రతిసారీ పాళెంలోని పాత ట్రాక్టరు వచ్చి, ముసలి ఎద్దు కోడెదూడని ఈడ్చినట్టు ఆ కొత్త బండిని బయటికి ఈడ్చేది.

మొదటిసారి ఈ సంగతి చెప్తే సర్వీసు అడ్వైజరు చంద్రమౌళి, "కొత్త బండి కదా సార్, తిరిగేకొద్దీ సెట్ అవుతుంది" అన్నాడు. కడిగి ఇచ్చాడు. రెండోసారి, "సాఫ్ట్‌వేర్ మార్చాం సార్" అన్నాడు. కడిగి ఇచ్చాడు. ఆ మేడలో ఉన్న పాతికమందికీ నిజంగా వచ్చిన విద్య కడగడం ఒక్కటేనని రోజారమణికి అర్థమైంది. చాకిరేవు పెట్టుకుని ఉంటే ఊరికి ఉపకారం జరిగేది.

ఇవాళ చంద్రమౌళి మడత నలగని చొక్కాతో, మెడలో గుర్తింపు కార్డుతో, ఎవరో పోయినప్పుడు పెట్టే ముఖం పెట్టుకుని వచ్చాడు.

"సార్, వారంటీ రిజెక్ట్ అయింది."

"ఎందుకన్నా?" అన్నాడు గణేష్.

చంద్రమౌళి తన ఫోన్లో దాచుకున్న వీడియో తీసి రోజారమణి ముందు పెట్టాడు. "ఇది మీ స్టేటస్సే కదా మేడం?"

ఆమెదే. జీపు ఇంటికొచ్చిన రోజుది. పాళెంలో కొత్త పడవ దించేముందు ముక్కుకి పసుపూ కుంకుమా పెట్టి, వేపమండ కట్టి, కొబ్బరికాయ కొట్టి, మూడు అలలు తగిలిస్తారు. ఆ మూడూ తగిలితేనే సముద్రం దాన్ని గుర్తుపడుతుందని నమ్మకం. గణేష్ తల్లి అంకాలమ్మ జీపుకీ అదే చేయాలంది. "పడవైతే ఏంది, బండైతే ఏంది, కూడు పెట్టేదే గదా" అంది. గణేష్ ముందు చక్రాలు తడిసేదాకా దింపి, మూడు అలలు కాగానే వెనక్కి తీశాడు. ఆ వెంటనే బోరు నీళ్ళతో కడిగారు కూడా. కానీ కడిగింది వీడియోలో లేదు. వీడియోలో ఉన్నది మూడో అల, ఆ అలకి తడిసి పకపకా నవ్విన రోజారమణి, కింద మూడు గుండె బొమ్మలు, ఒక పడవ బొమ్మ. రెండు వందల పదిమంది చూశారని ఆ రోజంతా మురిసిపోయింది. ఆ రెండు వందల పదిమందిలో ఈయన కూడా ఉన్నాడని ఎలా తెలుస్తుంది? బండి తాళాలిచ్చిన రోజున తనే కదా, ఏదైనా అవసరమైతే ఉంటుందని, ఆయన నంబరు 'జీపన్న' అని ముచ్చటగా సేవ్ చేసుకుంది.

రోజారమణి ఆ ఫోనుని బోర్లించి పెట్టింది.

"సముద్రంలో దించారు మేడం. ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి. గేరు దెబ్బతింది. వారంటీ షరతుల్లో స్పష్టంగా ఉంది."

ఆయన వెనక గోడకి నిలువెత్తు పోస్టరు ఉంది. అదే జీపు, అదే రంగు. సముద్రపు అలని రెండుగా చీల్చుకుంటూ, బానెట్టు మీద నురగతో.

"ఆ బండి ఎక్కడుందన్నా? కోవూరు చెరువులోనా?" అంది రోజారమణి.

చంద్రమౌళి వెనక్కి తిరిగి చూడలేదు. "అది ప్రచారం కోసం మేడం. కింద రాసుంటుంది."

ఆమె లేచి వెళ్ళి చూసింది. నిజంగానే రాసుంది, చీమ తలకాయంత అక్షరాలతో. నిపుణుల పర్యవేక్షణలో తీసిన చిత్రమట. ఎవరూ అనుకరించకూడదట. రోడ్డు లేని చోట తిరగడానికని అమ్మిన బండిని రోడ్డు మీదే నడుపుకోవాలన్నమాట. కత్తిపీట అమ్మి, కూరగాయలు తగిలితే మాకు సంబంధం లేదనడం ఇంతకంటే మర్యాదగా ఉంటుంది.

చంద్రమౌళి ఈలోగా గణేష్ వైపు జరిగి కూర్చున్నాడు. ఆడమనిషి లేచేదాకా ఆగి, మగవాడితో అసలు మాట మాట్లాడే రకం.

"సార్, నేను మీ మంచికే చెప్తున్నా. మీవాళ్ళకి పడవకీ బండికీ తేడా తెలీదు సార్. పెద్దావిడ పాపం తెలీక చేసుంటుంది. ఇక్కడొక సంతకం పెట్టండి, వాడకంలో పొరపాటు కింద రాసుకుని మీ ఖర్చు మీద చేయిద్దాం. పార్టు మన దగ్గరే రెడీగా ఉంది. పదమూడుకల్లా బండి మీ ఇంటి ముందుంటుంది."

"వారంటీ మీద అయితే?" అన్నాడు గణేష్.

"అప్పుడు కంపెనీనుంచి రావాలి సార్. మూడు వారాలు, నాలుగు వారాలు. చెప్పలేం."

ఖర్చు పెట్టుకుంటే సిద్ధంగా ఉన్న పార్టు, పెట్టుకోకపోతే నెల దూరంలో ఉంటుంది. ఆ పార్టుకి కూడా మనిషి ముఖం చూసి నడిచే బుద్ధి ఉన్నట్టుంది.

గణేష్ కాగితం అందుకున్నాడు. 'కస్టమరు సముద్రపు నీటిలో నడిపినందువలన ఏర్పడిన లోపము.' ఒడ్డు కనబడని నీళ్ళలో ఇంజను ఆగిపోతే తొణకని మనిషి, ఈ అద్దాల మధ్య కూర్చుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని వాడైపోతాడు. పెన్ను తీశాడు.

"బావా," అంది రోజారమణి.

"పదమూడంటా ఉండాడు గదా రోజా. పదకొండు పడవలోళ్ళు నన్ను నమ్ముకోనుండారు."

ఆ సంతకం పడితే జీపు వస్తుంది. దాంతోపాటు ఒక మాట కూడా ఇంటికొస్తుంది: అమ్మ చేసిన పూజవల్ల, పెళ్ళాం పెట్టిన వీడియోవల్ల బండి చెడింది. అంకాలమ్మ ఏమీ అనదు. ఏమీ అనకుండా ఇక జన్మలో ఏ పడవకీ పసుపు పెట్టదు.

రోజారమణి గూడూరులో బీఎస్సీ చదివింది. దానికంటే ముఖ్యం, పెళ్ళయిన నాలుగో రోజు వారంటీ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివింది, కొత్త కాగితం వాసన బాగుందని. కొత్త పెళ్ళికూతురు పక్క మీద కూర్చుని ఇంజనాయిలు గురించి చదువుతుంటే గణేష్ బిక్కమొహం వేసుకుని చూశాడు.

"పుస్తకంలో అట్టా లేదన్నా," అంది చంద్రమౌళితో. "నీళ్ళు చేరినట్టు పరీక్షలో తేలితే అని ఉంది. విప్పి చూశారా?"

"చూడక్కర్లేదు మేడం. వీడియో ఉంది కదా."

"వీడియోలో తడిసింది చక్రాలు. లోపల తడిసిందని ఎవరు చూశారు?"

"పదేళ్ళ ఎక్స్‌పీరియన్సు మేడం నాది."

"ఆయిలు తీసి చూళ్ళేదా?"

ఈ మాట అన్నది గణేష్. పెన్ను కాగితం మీద ఆగిపోయి ఉంది. గొంతు మారింది.

"అవసరం లేదు సార్..."

"ఆయిలు తియ్యకుండా ఉప్పునీళ్ళు పొయినాయని ఎట్టా చెప్పినావన్నా? పడవ ఇంజను గేర్లోకి చెంబుడు ఉప్పునీళ్ళు పోతే, ఆయిలు పాలెక్కువైన టీ మాదిరి తెల్లంగా వస్తాది. మా పాళెంలో పిలకాయలకి గూడా తెలుసు." లేచి నిలబడ్డాడు. "పడవకీ బండికీ తేడా తెలీదన్నావు గదా. రా, ఇద్దరం చూద్దాం."

"కస్టమర్లకి లోపలికి ప్రవేశం లేదు సార్."

అప్పటికే గణేష్ అద్దం తలుపు తోసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. వెనకే రోజారమణి. ఆ వెనక, మడత నలగని చొక్కా.

జీపు కింద హెబ్రోను అనే పెద్ద మెకానిక్కు ఉన్నాడు. మోచేతులదాకా నల్లటి జిడ్డు. ఆ మేడలో చేతులకి మురికి అంటిన మనిషిని ఆమె చూడడం ఇదే మొదలు.

"అన్నా, దీని కింద గేరుపెట్టె ఆయిలు తీసినావా?" అడిగాడు గణేష్.

హెబ్రోను చంద్రమౌళి వైపు చూశాడు, గణేష్ వైపు చూశాడు. "నన్నెవురూ తియ్యమన్లేదే," అన్నాడు.

"తియ్యన్నా."

చంద్రమౌళి, మేనేజరు సెలవులో ఉన్నాడని, అనుమతి కావాలని, రేపు మాట్లాడదామని చెప్తూనే ఉన్నాడు. హెబ్రోను ఆ మాటల కింద ఒక రేకు తొట్టి పెట్టి, బిరడా విప్పాడు.

ఆయిలు దారంలా దిగింది. తేనె రంగు. రోజారమణి వంగి తెలుపు కోసం చూసింది. రాలేదు. తొట్టి నిండుతున్నకొద్దీ అందులో సన్నగా ఏదో మెరవడం మొదలైంది. తన పెళ్ళిచీర అంచులో జరీలా ఉందనుకుంది, ఆ పరిస్థితిలో కూడా. గణేష్ వేళ్ళతో అద్ది, బొటనవేలితో రుద్ది, చెయ్యి వెలుతురుకి పట్టాడు. వేళ్ళ నిండా ఇనప రజను.

"చుక్క నీళ్ళు లేవు," అన్నాడు.

"లేవు," అన్నాడు హెబ్రోను. "గేరు పళ్ళు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోలా. అరిగిపోతా ఉండాయి. ఇట్టాంటిది బిగించేకాడే..." చంద్రమౌళిని చూసి మిగతాది మింగాడు.

"నువ్వు నీ పని చూసుకో హెబ్రోనూ," అన్నాడు చంద్రమౌళి.

"చూసుకుంటా ఉండా సార్." హెబ్రోను చెయ్యి గుడ్డకి తుడుచుకుని, జీపుకి తగిలించిన జాబు కార్డు తీశాడు. అందులో మెకానిక్కు పరిశీలన అని ఒక గడి ఉంది. మూడుసార్లు వచ్చిన బండికి మూడుసార్లూ ఖాళీగానే ఉంది. ఆయన అందులో ఎత్తుపల్లాల అక్షరాలతో రాశాడు: నీళ్ళు లేవు. ఆయిల్లో ఇనప రజను ఉంది. కింద తన పేరు, తేదీ. కాగితం అంచున బొటనవేలి మసి అంటింది.

రోజారమణి దానికి ఫోటో తీసుకుంది. సంతకాలూ ముద్రలూ ఉన్న తన డిగ్రీ సర్టిఫికెట్టు కూడా అంత ముద్దుగా లేదు.

చంద్రమౌళి ఆ గడిని చూశాడు. దాన్ని కడగడం కుదరదని అర్థమైనట్టుంది. "సరే, వారంటీ కింద పంపిద్దాం సార్. కానీ మూడు వారాలు పడుతుంది. తర్వాత నన్ననొద్దు."

గణేష్ తన చేతిలోని సంతకం పడని కాగితాన్ని ఆయన జేబులో, గుర్తింపు కార్డు వెనకగా, జాగ్రత్తగా పెట్టాడు. "పట్నీలే అన్నా. పదిహేనో తేదీకి ట్రాక్టరాయన్ని బతిమాలుకుంటా. నవ్వితే నవ్వుతాడు."

"బండి ఇక్కడే ఉంటుంది కదా సార్. కడిగి ఉంచమంటారా?"

వాళ్ళిద్దరూ అప్పటికే బయటికి నడిచారు.

వాకాడు బస్సులో సీటు దొరకలేదు. ఇద్దరూ ఒకే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. గణేష్ వేళ్ళకింకా ఆ రజను మెరుస్తోంది. రోజారమణి తన చేతిని కావాలనే దానికి ఆనించి పెట్టింది. పదకొండు పడవలవాళ్ళకి ఏం చెప్పాలో గణేష్ ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ గొణుక్కుంటున్నాడు. అప్పుడు అంకాలమ్మ ఫోను చేసింది.

"ఏమన్నారే?"

"నీ అలలవల్లే చెడిపోయిందన్నారత్తా. బావ ఆయిలు తీయించినాడు. చుక్క నీళ్ళు లేవు. వాళ్ళ గేరే సొట్ట. మెకానిక్కు రాసిచ్చినాడు."

అవతల ఫోను మీద వేలితో టకటకా కొడుతున్న చప్పుడు వినబడింది.

"మే, ఆ ముక్క గెట్టిగా చెప్పు," అంది అంకాలమ్మ. "స్పీకరు పెట్టినా. ఈడ పక్కింటి విజయకుమారి గూడా ఉండాది. ఉప్పునీళ్ళలో దించితే చెడకేం చేస్తాదని నిన్నట్నించీ నా కొంప చుట్టూ తిరగతా ఉండాది."

రోజారమణి కమ్మీని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, బస్సంతా తిరిగి చూసేటట్టు, మొదటినుంచీ చెప్పింది.