ఎర్రబడ్డ ముఖం

బసవరాజు ఏనాడూ కల్లు చుక్క కూడా ముట్టలేదు. అయినా ఏడాదిగా అందరూ అతణ్ణి తాగుబోతనే అనుకుంటున్నారు.

నాచారంలో బిస్కెట్ల కంపెనీలో సూపర్‌వైజరు అతను. అన్నం తిన్న కాసేపటికి ముఖం, మెడ ఎర్రగా కందిపోయేవి. వెంటనే కడుపు మెలిపెట్టి బాత్రూముకి పరుగెత్తాల్సి వచ్చేది. చూపించుకున్న డాక్టర్లు గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు. భార్య ఉమ ఏమీ అనేది కాదు, చాటుగా సీసాల కోసం బండి డిక్కీ వెతికేది. ఆమె తండ్రి తాగి తాగి పోయినవాడు. ఆమె వెతుకులాట బసవరాజుకి తెలుస్తూనే ఉండేది.

ఆ ఆదివారం చెంగిచెర్లలో బావమరిది నరేన్ ఇంటికి భోజనానికి వెళ్లారు. నాలుగు ముద్దలు తినేసరికి బసవరాజు చెవుల దాకా ఎరుపెక్కాడు.

"పిల్లల ముందరికి గిట్ల తాగొస్తవా బావా? జర సిగ్గుండాలె," అన్నాడు నరేన్.

బసవరాజు చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు. ఉమ వెంట వచ్చి ఆటో ఎక్కింది. ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగినప్పుడు కడుపు మెలితిరిగింది. ఆటో దిగి మెట్రో పిల్లరు వైపు పరుగెత్తాడు గానీ, అప్పటికే ప్యాంటు పాడైపోయింది. జనం ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. అతను పిల్లరు కింద కూలబడి ఏడ్చాడు.

"ఇగ నాతోని గాదు ఉమా. సచ్చిపోతే నయం."

ఉమ తన చున్నీ తీసి అతని నడుముకు చుట్టింది. అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"పొద్దున్నుంచి నా పక్కనే ఉన్నవ్. నీళ్లు దప్ప ఏం తాగలే. మరి మొఖం గిట్లెందుకైతుంది?"

ఏడాదిలో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

మర్నాడే పెద్ద దవాఖానాకి తీసుకెళ్లి, తను చూసిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. డాక్టర్ అమూల్య చివరిదాకా విని, మూత్ర పరీక్ష, స్కానింగు రాసింది. రిపోర్టులు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"పేగుల్ని కదిలించేది సెరటోనిన్ అనే పదార్థం. మన ఒంట్లో అది ఎక్కువగా తయారయ్యేది పేగులోనే. మీ చిన్నపేగులో ఒక క్యాన్సర్ గడ్డ లేచి దాన్ని అదుపు లేకుండా వదులుతోంది. అందుకే ఈ విరేచనాలు. ముఖం ఎర్రబడేది కూడా ఆ గడ్డ వదిలే రసాయనాల వల్లే." స్కానింగు ఫిల్ము వాళ్ల వైపు తిప్పింది. "గడ్డ కాలేయానికి పాకింది. పూర్తిగా తీసెయ్యలేం. నెలనెలా ఇంజక్షన్‌తో అదుపులో పెట్టొచ్చు. కొందరు ఏళ్ల తరబడి బతుకుతారు."

"అంటే నేను తాగుబోతును గాదు," అన్నాడు బసవరాజు. అతని గొంతులో సంతోషం లాంటిదేదో విని ఉమ కొంగులో ముఖం దాచుకుంది.

మొదటి ఇంజక్షన్ తర్వాత పరుగులు తగ్గాయి. ఒకరోజు కంచం ముందు కూర్చుని, పూర్తిగా తిని, అక్కడే ఉండిపోయాడు. జబ్బు సంగతి తెలిసి నరేన్ వచ్చి గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాడు.

"లోపలికి రా," అన్నాడు బసవరాజు. "ఎన్ని దినాలుంటనో తెల్వదు. అన్నం తిని పో."