పాపం, ఆ లక్ష్మీబాయి

మా తాలూకా కోర్టు జవాను కైలాసం గొంతు వంటిది జిల్లా మొత్తంలో లేదు. వరండాలో నిలబడి పేరు పిలిచాడంటే మానేరు వాగు అవతల ఎడ్లు చెవులు నిక్కించేవి. ఒకసారి అంత దూరాన చొప్పదండిలో అన్నం తింటున్న నేను ఎవరి పేరో విని, నాదే అనుకుని, చెయ్యి కడగకుండా బయలుదేరాను.

అంతటి గొంతూ ఒకనాడు వరండా మూల దాకా చేరలేదు. నేను చెప్పిన గొప్పను నేనే దించుకుంటున్నాను, వినండి.

లస్మవ్వ నేతపని మనిషి. భర్త పోయాక ఒంటిగదిలో, గుంటమగ్గం మీద, ఒక్కతే నేసుకుని బతికేది. ఆ ఇల్లు తనదని మరిది అంకయ్య దావా వేశాడు. నేలలో తవ్విన మగ్గాన్ని నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతుంది?

అప్పుడు సర్కారు జీతమిచ్చి బీదల కోసం కోర్టులో ఒక వకీలును పెట్టింది. ఆ వకీలు, పర్శరాములు గారు, "ఫికర్ చెయ్యకవ్వా, నీ పేరు పిలిస్తే నేను పలుకుత" అన్నారు. మొదటి వాయిదా అలాగే గడిచింది. ఆ తరువాత పట్నంలో ఎవరో పొదుపు అన్నారు; వకీలు ఖర్చు రద్దు చేశారు. ఆ సంగతి లస్మవ్వకు చెప్పినవారు లేరు.

రెండో వాయిదా నాడు ఆమె పొద్దున్నే వచ్చి, వకీలు కోసం గేటు వైపు చూస్తూ కూర్చుంది. అంకయ్య అప్పటికే లోపల ఉన్నాడు. కైలాసం ఆడవారి పేరు ముందు రాసే 'ముసమ్మాత్'తో సహా ఉర్దూ కాగితంలో ఉన్నది ఉన్నట్లు మూడుసార్లు కేకేశాడు:

"ముసమ్మాత్ లక్ష్మీబాయి హాజిర్ హై?"

"ఎవలో పాపం గా లక్ష్మీబాయి, ఇంకా రాలే. తొవ్వల బండి దొరకలేదేమో" అంది లస్మవ్వ.

"నీకెందుకే అక్కా, గా బాయమ్మల ముచ్చట!" అని పక్కనున్న శంకరవ్వ నవ్వింది. తన వాయిదా ముగిశాక శంకరవ్వ వెళ్లిపోయింది.

ప్రతివాది రాలేదని తీర్పు అంకయ్యకు ఇచ్చేశారు. పొద్దుగూకాక కైలాసం తలుపులు వేయడానికి వచ్చాడు.

"ఇంకా గీడనే కూసున్నవేందవ్వా?"

"నా పేరు పిలువలే గద బిడ్డా. లస్మవ్వను. అంకయ్య నా మరిది."

కైలాసం ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "నిన్నే పిలిసిన అవ్వా... కాగితంల లక్ష్మీబాయి అంటె నువ్వే" అన్నాడు.

"గట్లనా? మరి, పలికెటాయన రాకపాయె" అంది ఆమె.

అది విని, తీర్పిచ్చిన మున్సిఫ్ గారు మెట్లు దిగి వచ్చారు. "సర్కారు ఏ ఖర్చయినా తగ్గించుకోవచ్చు. బీదవారి తరఫున పలికే వకీలు ఖర్చు తగ్గిస్తే మాత్రం కోర్టు తలుపు ఉన్నవారికే తెరుచుకుంటుంది. ఆ పైసలు కాపాడుకోవలసింది మనమందరమూ" అన్నారు.

పాఠకులారా, ఆయన ఆ మాట అనలేదు. అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. అది నేను కల్పించింది. ఎవరో ఒకరు అనవలసిన మాట గనుక నేను అన్నాను. నిజానికి ఆ సాయంత్రం ఆ వరండాలో లస్మవ్వా, తాళంచెవులు పట్టుకున్న కైలాసమూ తప్ప ఎవరూ లేరు.