పడుకోబెట్టిన ముక్క

ఏలూరులో ఆ ల్యాబు తెరిచిన నాటి నుంచీ జబ్బు పరీక్షకు వచ్చే చర్మం ముక్కల్ని మైనంలో పోతపోసేది భీమరాజే. గుండుగొలను బడిలో పదో తరగతితో చదువు ఆపినవాడు. పని చేత్తో నేర్చుకున్నాడు. బియ్యపు గింజంత ముక్కను అచ్చులో అంచు మీద నిలబెట్టాలి. పడుకోబెడితే పొరలు కనిపించవు. అతని దగ్గర పని నేర్చుకునే మణి కిందటేడు ఒకసారి పడుకోబెట్టింది.

"పడుకోబెట్టే సరదా ఉంటే ఇంటికెళ్ళి పిల్లల్ని పడుకోబెట్టుకో అమ్మాయ్," అన్నాడు అందరి ముందూ. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వదల్లేదు.

అతని భార్య వెంకటదుర్గ గడ్డ ముక్కను ఏదో ల్యాబులో పాడుచేశారు. జబ్బు పేరు తెలిసేసరికి నెల దాటింది. ఆమె పోయి మూడేళ్ళయినా ఆ పాడుచేసిన చేతుల్ని అతను క్షమించలేదు.

ఆ ఉదయం డాక్టరు హర్షిణి అతన్ని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"మడమ చర్మం కదా, పైన దళసరి కెరటిన్ పొర ఉండాలి. దాని కింద కణాల వరుసలు. అడుగున వేళ్ళలా దిగే మొనలు. ఇవి ఒకదాని కింద ఒకటి కనిపిస్తేనే కదండీ, జబ్బు పైపైనే ఉందో, లోపలికి దిగిందో చెప్పగలిగేది! మీరే చూడండి."

చూశాడు. పొర లేదు, వరస లేదు. కొల్లేటిలో కిక్కిస గడ్డి దిబ్బల్లా ఎక్కడికక్కడ కణాల గుంపులు. ముక్కను పోసిన మైనం బ్లాకు మీద నంబరు తన చేతిరాతే.

"కరిగించి మళ్ళీ నిలబెడతానండీ."

"స్లైడుకి పలచగా కోసేసరికే ముక్క అయిపోయిందండీ. క్యాన్సరో కాదో ఏమని రాయను? ఈ ముక్క ఇచ్చినావిడకి మళ్ళీ కొయ్యాలి."

పక్క బల్ల దగ్గర మణి తల ఎత్తలేదు. కిందటేటి తన మాట ఆ పిల్ల తనకే తిప్పికొట్టి ఉంటే బాగుండుననిపించింది భీమరాజుకి.

మధ్యాహ్నం ఆ ముక్క తాలూకు పెద్దింటమ్మ రిపోర్టు కోసం వచ్చింది. చేపల చెరువుల్లో పనిచేసే మనిషి. కలిదిండి నుంచి బస్సులు మారి, పుండున్న మడమ నేలకు ఆనకుండా నడుచుకుంటూ వచ్చింది.

"ముక్క చాల్లేదని చెబుతాను లెండి," అంది హర్షిణి మెల్లగా.

భీమరాజు తల అడ్డంగా ఊపి, తానే బయటికి వెళ్ళాడు.

"అమ్మా, మీ ముక్క పాడైంది. పాడుచేసింది నేనే. మళ్ళీ కొయ్యాలి."

ఆమె మడమకేసి చూసుకుంది.

"ఆ కోతకే నాలుగు రోజులు చెరువులోకి దిగలేదండీ. మీ ఇంట్లోవాళ్ళదైతే ఇలాగే చేత్తారా బాబుగారూ?"

మా ఇంట్లో మనిషికీ ఇలాగే చేశారమ్మా అనబోయి నోరు మూసుకున్నాడు. పోయిన మనిషిని అడ్డం పెట్టుకోవడం అంతకన్నా సిగ్గు.

మర్నాడు కొత్త ముక్క బల్ల మీదికి వచ్చింది. కరిగిన మైనంలో దాన్ని పటకారుతో నిలబెట్టాడు. మైనం గట్టిపడక ముందే అచ్చును మణి వైపు జరిపాడు.

"మణీ, ఒకసారి చూడమ్మా. నిలబడిందా?"

మణి వంగి చూసింది.

"కొంచెం వాలిందండీ," అని పటకారు కోసం చేయి చాపింది.

ఇచ్చాడు.