గేటు ముందు ఆగిపోయిన దారి

ఎఫీ వేసున్న గేటు తీసింది. అవును, ఎఫీనే. గుమ్మానికి అడ్డంగా పిల్లి పడుకుంటే దానికి సారీ చెప్పి పక్కనుంచి పోయే ఎఫీ. నమ్మితే నా సైకిల్ నీదే, బ్రేకుల సంగతి మాత్రం అడక్కు. నమ్మవు, నాకు తెలుసు, అందుకే పందెం కాశా.

నువ్వు ఆ వారం ఊళ్ళో లేవు కాబట్టి మొదట్నుంచీ చెప్తా. మధ్యలో ప్రశ్నలు వెయ్యకు, టైపింగ్ ఆగిపోతుంది.

మే నెల చివరి శనివారం. పొద్దున్నే ఎఫీ లేచి, మన లోయలో అందరూ చేసే పనే చేసింది. బూట్లేసుకుని, వెనక తలుపు తీసి, రాత్రికి రాత్రి దారి ఎక్కడికి జరిగిందో చూసింది. ముందురోజు చర్చి వెనక పడుకుందా, ఆ రోజేమో వాగులోకి దిగి, పాత మిల్లు దగ్గర మెలిక తిరిగి ఉంది.

వంటింట్లోంచి వాళ్ళ అమ్మమ్మ విన్నీ కేకేసింది. "ఇవాళ ఎటుందే?"

"మిల్లు వైపు."

"అయితే రొట్టెలబ్బాయి చుట్టు తిరిగొస్తాడు. టోస్టు లేదు, ఓట్స్ జావ తాగండి."

తాగండి అని ఎందుకందంటే సెలవులకి లీడ్స్ నుంచి ఎఫీ చిన్నమ్మ కూతురు టిల్డా వచ్చింది. పదమూడేళ్ళు, గులాబీ రంగు బూట్లు, నోరు తెరిస్తే మూత పడదు. జావ చూసి, "దీంతో గోడలు కడతారా, తాగుతారా?" అంది. అమ్మమ్మ ఇంకో గరిటె వేసింది.

ఎఫీ మాత్రం చెంచా కూడా ముట్టుకోలేదు. మధ్యాహ్నంలోపు కర్లూ పిట్ట గూడు దొరక్కపోతే అంతే సంగతులు.

మన లోయకి ఆ పిట్టలొచ్చి చాలా ఏళ్ళయింది కదా. ఈసారి ఒక జంట వచ్చింది. కొడవలిలా వంగిన ఇంత పొడుగు ముక్కు, కెటిల్‌లో నీళ్ళు మరిగినట్టు బుడబుడమంటూ పైకి లేచే కూత. ఆ కూత విన్నరోజు నుంచి ఎఫీకి నిద్ర లేదు. వెతికి వెతికి చివరికి తేల్చిందేంటంటే, గూడు ఆల్డర్సన్ పెద్ద గడ్డిపొలంలో ఉంది. గూడంటే చెట్టు మీద కాదు, నేల మీదే, గడ్డి మధ్యలో. గడ్డి కోసే యంత్రం దాని మీదుగా పోయిందంటే గుడ్లూ ఉండవు, తల్లీ ఉండదు.

అందుకే శుక్రవారం సాయంత్రం వెళ్ళి, రాతిగోడ ఇవతల నిలబడి ఆయన్ని అడిగింది. ఆయనంటే ఆల్డర్సన్ ముసలాయన, ఒంటరిగా ఉంటాడు, ఎవరితోనూ మాట్లాడడు, ఎవరూ ఆయనతో మాట్లాడరు.

"మీ గడ్డిలో కర్లూ గూడుందండీ."

"ఎక్కడ?"

"లోపలెక్కడో అండీ."

"లోపలెక్కడో అంటే పదెకరాలు పిల్లా. కూత విని పదెకరాలు వదిలేస్తే చలికాలంలో నా ఆవులకి ఏం పెట్టను, కూతలు పెట్టనా?"

ఎఫీ నేల చూపులు చూసింది. ఆయన కాసేపు దవడ రుద్దుకున్నాడు.

"చూపించు. చూపిస్తే దాని చుట్టూ వదిలేసి కోస్తా. ఆదివారం వానంటున్నారు. శనివారం భోంచెయ్యగానే ట్రాక్టర్ ఎక్కుతా."

ఇదంతా చెప్తే టిల్డాకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"చూపించమన్నాడు కదా. లోపలికెళ్ళి వెతుకు."

"గేటు వేసుంది."

"తియ్యి."

చర్చిలో ఉమ్మెయ్యమన్నట్టు చూసింది ఎఫీ. "టిల్డా, గేటు ఎలా కనిపిస్తే అలా వదిలెయ్యాలి. తీసుంటే తీసే, వేసుంటే వేసే. ఎవరి గొర్రెలు ఎటు పోవాలో వాళ్ళకి తెలుసు, మనకి తెలీదు."

"దాటాక మళ్ళీ వేసెయ్ అయితే."

"మామూలు గేటైతే అంతే. అది నోరాని పాతిపెట్టిన రోజు వేసిన గేటు."

నోరా ఆల్డర్సన్ భార్య. ఆవిడున్నప్పుడు ఆ గేటు ఎప్పుడూ బార్లా తీసే ఉండేది, దారి రోజు మార్చి రోజు వాళ్ళ పెరట్లోనుంచే పోయేది. దారిన పోయే ప్రతి దానయ్యకీ టీ, అల్లం కేకు. ఆవిడ పోయింది, పాతిపెట్టి వచ్చారు, ఆ సాయంత్రం ముసలాయన గేటు వేశాడు. అందరూ చూశారు. పాపం, మనుషుల్ని చూసే ఓపిక లేదు కాబోలు అనుకున్నారు. ఎవరూ ముట్టుకోలేదు. గడియ మీద నాచు పెరిగింది. దారి కూడా అటు పోవడం మానేసింది.

"కాబట్టి గోడ మీంచి చూడాలి," అంది ఎఫీ, మెడలో బైనాక్యులర్ వేసుకుంటూ.

"మీకు పిచ్చి. అందరికీ," అంది టిల్డా, కానీ అప్పటికే బూట్లు తొడుక్కుంటోంది.

దారి ఆ పొద్దున మంచి హుషారుమీద ఉంది. మిల్లు దగ్గర వీళ్ళు ఎక్కారో లేదో, వాగు ఒడ్డు పట్టుకుని పరుగు. వాళ్ళు నడుస్తుంటే అది ముందు ముందు గడ్డిని పాయ తీసుకుంటూ పోతోంది, గొర్రె వెడల్పున. దారి లేకుండా కూడా నడవచ్చనుకో, ఎవరు కాదన్నారు, దూలగొండి పొదల్లో పడి నడిచి చూడు.

ఆనకట్ట దగ్గర లకుముకి పిట్ట. చూశామా లేదా అన్నంత సేపే, నీలం గీత. టిల్డా మాట మధ్యలో ఆగిపోయింది, అది కూడా ఒక వింతే. ఇంకాస్త ముందుకెళ్తే రాయి మీద నీటికుక్క పెంట. ఎఫీ మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూసింది.

"ఛీ ఛీ, ఏం చేస్తున్నావే?"

"మల్లెపూల టీ వాసనొస్తుంది, రా చూడు. రాత్రిదే ఇది."

చూడనంటూనే చూసింది. "చేపల వాసనే," అంది. మళ్ళీ ఇంకోసారి వంగింది. "సరే, కొంచెం టీ."

అక్కడ్నుంచి దారి అడవిలోకి ఎగబాకింది. నేలంతా నీలం పూలు వాడిపోయున్నాయి, వాటి మధ్య అడవి వెల్లుల్లి ఆకు వాసన. బ్యాడ్జర్ బొరియల ముందు కొత్తగా తవ్విన మన్ను, మన్ను మీద గోళ్ళ గుర్తులు. మన్ను చెదరకుండా దారి ఒంపు తిరిగి పోయింది, అదెప్పుడూ అంతే, మర్యాద తెలుసు. అడవి దాటి పైకెక్కగానే లోయంతా ఒక్కసారి కింద పరుచుకుంది. రాతిగోడలు, గోడల మధ్య పచ్చ, పచ్చ మధ్యలో పసుపు పూలు, గొర్రెలేమో ఎవరో పారబోసిన మరమరాల్లాగా. రెండు కుందేళ్ళు వెనక్కాళ్ళ మీద నిలబడి ఒకదాన్నొకటి చెంపలు వాయించుకుంటున్నాయి.

"కొట్టుకుంటున్నాయే," అంది టిల్డా.

"ఆడది కొడుతోంది. మగాడు తింటున్నాడు."

"నాకీ ఊరు నచ్చింది."

ఎఫీ నవ్వింది కానీ కళ్ళు ఎండ వైపే ఉన్నాయి. పొద్దెక్కిపోతోంది. ఆల్డర్సన్ పొలం మీద కర్లూ గాల్లో తిరుగుతోంది, అయితే బుడబుడ కూత కాదు. కుక్క మొరిగినట్టు తెగ్గొట్టి తెగ్గొట్టి అరుస్తోంది. ఎవరో గూటికి దగ్గర్లో ఉన్నప్పుడే అలా అరుస్తుందది. ట్రాక్టర్ అప్పుడే దిగిందా అని ఎఫీ బైనాక్యులర్ ఎత్తింది. చూస్తే ట్రాక్టర్ షెడ్డులోనే ఉంది.

సరిగ్గా అప్పుడే దారి కాళ్ళ కింద జారింది. నిజంగా జారింది, టిల్డా కూలబడింది. కొండవాలున గోడలమ్మట, రాతిమెట్ల మీదుగా గొర్రెల మధ్యనుంచి తోక తొక్కిన పాములా కిందికి దూసుకుపోయింది. వీళ్ళు దాని వెనకాల పరుగు. టీ ఫ్లాస్కు ఒక చోట పడింది, టిల్డా టోపీ ఒక చోట. ఊపిరాడక ఆగి చూస్తే ఎక్కడున్నారో తెలుసా? ఆల్డర్సన్ గేటు ముందు.

దారి గేటుకి ముక్కు ఆనించి నిలబడింది. ఇటు కదిలి, అటు కదిలి, మళ్ళీ అక్కడికే. తలుపు తీస్తారేమో అని కుక్క గుమ్మం దగ్గర చూస్తుందే, అచ్చం అలాగే. గేటు కింద గడ్డి కొంచెం కొంచెం నలుగుతోంది.

"ఎన్నాళ్ళుగానో దారి ఇటు రాలేదన్నావు కదా," అంది టిల్డా గొంతు తగ్గించి.

"రాలేదు."

"మరి?"

ఎఫీ గడియ మీద చెయ్యి వేసింది. తీసేసింది. గేటు తీస్తే ఆయనకి కోపం వస్తుంది, కోపమొస్తే మాట తప్పుతాడు, మొత్తం పొలం ఈ చివర నుంచి ఆ చివరిదాకా కోసిపారేస్తాడు, గుడ్లు ఎఫీ చేతులారా పోయినట్టే. తియ్యకపోతే కూడా పోతాయి, అయితే అప్పుడు మర్యాదగా పోతాయి. దారి ఇంకోసారి కదిలి ఎఫీ బూటుని నెట్టింది.

"నేను తియ్యనా? నేను ఈ ఊరిదాన్ని కాదు, నాకు పాపం తగలదు," అంది టిల్డా.

"వద్దు," అంది ఎఫీ. నాచు గోళ్ళతో గీకి, గడియ లేపి, భుజంతో తోసింది.

గేటు చేసిన చప్పుడుకి కొండమీద గొర్రెలన్నీ తలలెత్తాయి. దారి నీళ్ళు వదిలినట్టు లోపలికి పారింది. నడుమెత్తు గడ్డిని చీల్చుకుంటూ సూటిగా పోయింది, వంకరే లేదు, దాన్ని అంత సూటిగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పోయి పోయి పొలం మధ్యలో ఠక్కున ఆగింది. ఎఫీ ఇంకో అడుగు వెయ్యబోయింది.

"ఆగు," అంది నేల.

నేల కాదు, ఆల్డర్సన్. గడ్డిలో వెల్లకిలా ఉన్నాడు. ఆయన నాలుగు చక్రాల మోటారు బండి పాత కాలవలోకి బోర్లాపడింది, కాలవ గడ్డిలో కనపడదు కదా, ఆయన కాలొకటి బండి కింద. మొహం సున్నం కొట్టినట్టుంది. పెదాలు నీలం.

"అటు కాదు పిల్లా. ఎడమకి. నెమ్మదిగా."

ఎఫీ చూసింది. ఆయన తలకి రెండు బారల దూరంలో కర్లూ కూర్చునుంది. గడ్డి రంగే, ఎండుటాకు గీతలు, నల్లటి కన్ను. ఆయన్నే చూస్తోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

"బండి పడ్డప్పుడు లేచిపోయింది," అన్నాడు గుసగుసగా. "నేను కదలటం లేదు కదా, కాసేపటికి నడుచుకుంటూ వచ్చి కూర్చుంది. నాలుగు గుడ్లు. మగది పైన అరుస్తోంది, వినపడిందా?"

"మీరిక్కడెందుకున్నారండీ?"

"నిన్ను చూపించమన్నా కదా. పొద్దున్నుంచీ చూశా, రాలేదు. నేనే వెతుకుదామని వచ్చా."

ఎఫీకి ఏడుపొచ్చేసింది. "గేటు వేసుందండీ."

ఆయన ఏదో అనబోయి కళ్ళు మూసుకున్నాడు. ఫోన్ కాలవ నీళ్ళలో ఉంది. టిల్డా ఇంకేం వినలేదు, వెనక్కి తిరిగి పరుగు. ఊరు అంత దూరమా, దారి ఊరిని దగ్గరికి లాక్కొచ్చేసింది. గేటు దాటి మలుపు తిరిగేసరికి అమ్మమ్మ వంటిల్లు. గులాబీ బూట్లతో టేబుల్ దాకా వెళ్ళి ఆగింది.

ఎఫీ మాత్రం తన కోటు ఆయన మీద కప్పి, పిట్టకి భయం వెయ్యకుండా పక్కనే బోర్లా పడుకుంది. ఆయన కళ్ళు మూతలు పడుతుంటే మాట్లాడిస్తూనే ఉంది. అల్లం కేకులో నోరా ఏం వేసేదండీ అని అడిగింది. "నల్లబెల్లం పాకం," అన్నాడు. "అది కాక మిరియాలు. ఎవరికీ చెప్పకు."

ఊరంతా వచ్చింది. అమ్మమ్మ, రొట్టెలబ్బాయి, పోస్టావిడ, మా నాన్న, అంబులెన్సు వాళ్ళు, అందరూ దారి మీద వరసగా. వచ్చి, తెరిచిన గేటు చూసి, అందరూ ఒక్కసారిగా ఆగారు. చచ్చేవాడు లోపలుంటే వీళ్ళు గేటు దగ్గర నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

"తీసే ఉంది! తీసున్నప్పుడు వెళ్ళొచ్చు కదా!" అని అరిచింది టిల్డా. అప్పుడు కదిలారు.

పిట్ట చుట్టూ పెద్ద చుట్టు తిరిగి బండి లేపారు. ఆయన్ని మోసుకొస్తుంటే గేటు దగ్గర ఆగమన్నాడు.

"ఎవరు తీశారు?"

ఎఫీ చెయ్యి ఎత్తింది, బళ్ళో ఎత్తినట్టు.

ముసలాయన ఆ పిల్ల వైపు తల తిప్పాడు. "ఆ రాత్రి వేశా. ఒక్క రాత్రికే. ఆవు ఈనడానికుంది, బయటికి పోతుందని." ఊపిరి తీసుకున్నాడు. "పొద్దున్నే ఎవరో ఒకరు వస్తారు, తీస్తారు అనుకున్నా. ఎవరూ రాలేదు. సరే, నా మొహం చూడ్డం ఇష్టం లేదు కాబోలు అనుకున్నా."

 పైన మగ కర్లూ అరవడం మానేసి, కిందికి దిగుతూ బుడబుడ మొదలుపెట్టింది.

చివరికి అమ్మమ్మ అంది, "మరి చెప్పొచ్చు కదయ్యా."

"అడగొచ్చు కదా విన్నీ."

ఇద్దరూ తప్పు చేసినవాళ్ళలాగా వేరే వేరే వైపులు చూశారు. కళ్ళు తుడుచుకుందని మాత్రం నేను చెప్పానని అమ్మమ్మకి చెప్పకు.

ఆదివారం వానొచ్చింది, చెప్పినట్టే. పై వారం మా నాన్న కోశాడు ఆయన గడ్డి, మధ్యలో దీవిలా వదిలేసి. ఆల్డర్సన్ కుర్చీలో కాలు చాపుకుని, ఇంకొంచెం ఎడమకి పోనీ, ఇంకొంచెం, నీకు కళ్ళున్నాయా అని తిడుతూనే ఉన్నాడు. నాలుగు పిల్లలూ బయటికొచ్చాయి, కాళ్ళు మొలిచిన దూది ఉండల్లాగా. గేటు ఇప్పుడు లేదు. మడతబందులు ఊడదీయించి, గోడకి ఆనించి పెట్టించాడు. గేటే లేకపోతే తీసుందా వేసుందా అన్న గొడవే ఉండదట. దారి రోజూ సాయంత్రం వెళ్ళి ఆయన గుమ్మం ముందు పడుకుంటుంది, టీ తాగాలంటే దాన్ని తొక్కాల్సిందే. టిల్డా వెళ్ళలేదు ఇంకా, బడి తెరిచినా...

ఆగు, అమ్మ పిలుస్తోంది. దారి వచ్చి మా గేటుకి ముక్కు ఆనించి నిలబడిందట, ఊరికే రాదు కదా అది, బూట్లెక్కడ పెట్టానో, మిగతాది వచ్చాక చెప్తా.